'పడదు' అంటే ఏమవుతుందో అడుగుదాం

రెండేళ్ళ కింద, ఆగస్టు నెల, మధ్యాహ్న భోజనం వేళ. మా బడిలో రోజూ వండే అక్క కూతురి కాన్పుకని సెలవులో ఉంది. ఆమె బదులు ధర్మపురి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మంచి మనిషి. పిల్లల్ని పేరు పెట్టి పిలవడం ఇంకా రాక అందర్నీ 'కన్ను' అనే పిలిచేది. మూడో తరగతి పిల్ల ఒకతె కంచం పట్టుకుని ఆమె ముందు నిలబడి, గుడ్డు వెయ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి "నాకి పడదు" అంది. ఆవిడకి తెలుగు రాదు. పిల్ల మొహం చూసి, మారాం చేస్తోందనుకుని, "పిడిక్కాదా? సాప్పిడు కన్ను, ఒడంబుక్కు నల్లదు" అని బుజ్జగించి వేసింది. ఒంటికి మంచిది, తినమని. పెద్దవాళ్ళు ప్రేమగా పెడితే కాదనడం మా పిల్లలకు నేర్పలేదు. సగం గుడ్డు తింది.

పది నిమిషాలకు పెదవులు వాచాయి. మెడ మీద దద్దుర్లు లేచాయి. వాంతి చేసుకుంది. తర్వాత దగ్గు మొదలై ఆగలేదు, గొంతు బొంగురుపోయింది. ఆ సమయంలో నేనేం చేశానో దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మొహం కడిగించాను. నిమ్మకాయ నీళ్ళు తాగించాను. ఫ్యాను కింద పడుకోబెట్టాను. మందుల షాపుకు ఒక అబ్బాయిని పంపి సెట్రిజిన్ మాత్ర తెప్పించాను. ఇరవై నిమిషాలు అలా పోయాయి. అప్పటికి పిల్ల మాట తడబడుతోంది. గేటు దాకా నడిపించి, స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరమ్మ తొడలో ఒక సూది వేసింది. కొద్ది నిమిషాల్లో ఊపిరి తేలికైంది. ఆ తర్వాత ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "గుడ్డు ఒత్తుక్కాదని మీకు ముందే తెలియదా?"

తెలుసు. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే వాళ్ళమ్మ వచ్చి "మా పాపకి గుడ్డు పడదు టీచర్" అని చెప్పి వెళ్ళింది. నేను తలూపాను. కడుపుబ్బరమో, అజీర్తో అనుకున్నాను. మా రిజిస్టరులో 'గుడ్డు తిననివారు' వరుసలో ఇంకో అంకె కలిపాను, అంతే. గుడ్డు వద్దన్న పిల్లలకు అరటిపండు ఇస్తాం కదా, సరిపోతుందనుకున్నాను. ఆ వరుసలో శాకాహారం ఇళ్ళ పిల్లలూ ఉన్నారు, శనివారం నోములవాళ్ళూ ఉన్నారు, వాసన నచ్చని వాళ్ళూ ఉన్నారు. ప్రాణం మీదికి తెచ్చుకునే పిల్ల కూడా అదే వరుసలో ఒక అంకెగా ఉండిపోయింది.

కొత్త వంటావిడకి తెలుగు రాదన్న మాటతో నేను తప్పించుకోవచ్చు. కొందరు మిత్రులు అలాగే ఓదార్చారు కూడా. కానీ ఆ తల్లి చెప్పింది తెలుగులో, విన్నది తెలుగు పంతులమ్మ. మాట అక్కడే జారిపోయింది.

అప్పటి నుంచి ఆ 'పడదు' అనే మాట గురించి ఆలోచిస్తున్నాను. మన భాషలో అది ఎంత వెడల్పయిన మాటో చూడండి. పాలు పడవు అంటే గ్యాసు. వంకాయ పడదు అంటే దురద. చన్నీళ్ళు పడవు అంటే రొంప. బస్సు ప్రయాణం పడదు అంటే వాంతులు. అత్తకీ కోడలికీ పడదు. ఇన్నిటికీ ఒకే మాట వాడతాం కనుక, వినేవాళ్ళు తమకు తోచిన తేలికైన అర్థం తీసుకుని ముందుకు పోతారు. ఇక అలర్జీ అన్న మాట చూద్దామా అంటే అదీ ఇప్పుడు అలాగే తయారైంది. 1906లో వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు పుట్టించిన మాట అది. ఇప్పుడు మా ఎనిమిదో తరగతి పిల్లలు "లెక్కలంటే నాకు అలర్జీ టీచర్" అంటారు.

డాక్టర్లు చెప్పే తేడా నిజానికి కష్టమైనదేమీ కాదు. పాలు తాగితే కడుపుబ్బరం రావడం ఒకటి. పాలలోని చక్కెర అరక్కపోవడం వల్ల వచ్చేది అది. ఇబ్బందే, కానీ ప్రాణభయం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒక మామూలు తిండిని శత్రువుగా పొరబడి తిరగబడటం ఇంకొకటి. అదే అలర్జీ. రెండోదాంట్లో కొద్ది తిండి చాలు. చర్మం, ఊపిరి, కడుపు, రక్తపోటు, వీటిలో రెండు ఒకేసారి దెబ్బతింటున్నాయంటే, అంటే దద్దుర్లతో పాటు దగ్గో ఆయాసమో, వాచిన పెదవులతో పాటు వాంతులో, కళ్ళు తిరగడమో కనిపిస్తే అది అనాఫిలాక్సిస్. ఈ తీవ్ర స్థితి మీద చేసిన పరిశోధనకే 1913లో షార్ల్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తకు నోబెల్ బహుమతి ఇచ్చారు. నూరేళ్ళు దాటింది. నా బీఎడ్ చదువులో మాత్రం దాని ఊసు రాలేదు.

కాబట్టి జూన్‌లో పేరు రాసుకునేటప్పుడు మనం అడగాల్సింది "ఏదైనా పడదా?" అని కాదు. "అది తింటే ఏమవుతుంది? ఎంతసేపటికి అవుతుంది? ఇంతకు ముందు ఎన్నిసార్లు అయింది? ఆసుపత్రికి పోవాల్సి వచ్చిందా?" అని. ఈ నాలుగు మాటలకు జవాబు దొరికితే కడుపుబ్బరమేదో, ప్రాణాపాయమేదో పంతులుకు తెలిసిపోతుంది. ఆ తల్లిని నేను "తింటే ఏమవుతుందమ్మా?" అని ఒక్క మాట అడిగుంటే, "పోయినేడు మూతంతా వాచి, ఊపిరాడక ఆసుపత్రికి ఎత్తుకుపోయినాం" అని చెప్పేది. తర్వాత ఆమే చెప్పింది. "మీరు అడగలేదు టీచర్" అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు అసలు తగువుకు వస్తాను. ఈ సంఘటన తర్వాత మా బడిలో అలర్జీ ఉన్న పిల్లలకు మెడలో వేసుకునే గుర్తింపు కార్డు వెనుక ఒక చీటీ అంటించాలనుకున్నాం. ఏది తినకూడదు, తింటే ఏమవుతుంది, ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఏ భాషలో రాయాలి? నేను తమిళం పైన, తెలుగు కింద అన్నాను. స్టాఫ్ రూములో పెద్ద గొడవే అయింది. "తెలుగు బడిలో తెలుగు పిల్ల మెడలో తమిళం పైనా?" అని నాకన్నా సీనియర్ మాస్టారు ఒకాయన నొచ్చుకున్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పటి నుంచి మేమిక్కడ పదో తరగతి పిల్లల భాషా పేపరు కోసం ఎన్ని అర్జీలు పెట్టామో, కోర్టుల చుట్టూ ఎంత తిరిగామో ఈ పేజీ చదివేవారికి తెలుసు. అలాంటి మనిషికి ప్రతి అక్షరమూ కాపాడుకోవాల్సిన గట్టే.

అయినా నా అభిప్రాయం మారలేదు. ఆ చీటీని చదివేది పిల్ల కాదు, వాళ్ళమ్మా కాదు. బదులు వచ్చిన వంటావిడ, 108 అంబులెన్స్ కుర్రాడు, ఆసుపత్రిలో డ్యూటీ నర్సు చదవాలి. ఎవరికి ముందు తెలియాలో వాళ్ళ భాషే పైన ఉండాలి. బళ్ళారిలో అయితే కన్నడం, షోలాపూర్‌లో మరాఠీ, బరంపురంలో ఒడియా. తెలుగు కింద తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఆ రాసిందేమిటో తల్లికి తెలియాలి, తప్పుంటే దిద్దాలి. తల్లి చదవలేని చీటీని బిడ్డ మెడలో వెయ్యడం కూడా నేను ఒప్పుకోను. యానాం మిత్రులకు ఈ తలనొప్పి లేదు, వీధిలోనూ ఆసుపత్రిలోనూ తెలుగే కదా. వాళ్ళ బడుల్లో గుడ్డు కన్నా రొయ్యల సంగతి ముందు అడగాలేమో.

ఇంకో మాట. ఆ పై భాషలో మాట సరిగ్గా పడాలి. మన 'పడదు'కు తమిళంలో సరిజోడు 'ఒత్తుక్కాదు', 'సేరాదు'. కన్నడంలో 'ఒగ్గల్ల'. మరాఠీలో 'మానవత్ నాహీ'. ఇవన్నీ 'నచ్చదు' కన్నా నయమే గానీ, మన మాటలాగే మెత్తనివి. అందుకే కార్డు మీద ఆ మాట ఒక్కటే రాసి వదలకూడదు. 'గుడ్డు తింటే ఊపిరి ఆడదు' అని పూర్తి వాక్యం రాయాలి. చివరికి మా మాస్టారే కూర్చుని తమిళ వాక్యం తప్పుల్లేకుండా రాసిచ్చారు. ఆయన తమిళ అక్షరాలు నా అక్షరాల కన్నా గుండ్రంగా ఉంటాయి. అది వేరే విషయం.

ఆసుపత్రుల్లో మన పిల్లల పాట్లు చూస్తే నవ్వూ వస్తుంది, బాధా వస్తుంది. తల్లికి తమిళం సరిగా రాదు, డాక్టరుకు తెలుగు రాదు. మధ్యలో తొమ్మిదేళ్ళ రోగే దుబాసీ. మా ఐదో తరగతి పిల్లవాడొకడికి ఉబ్బసం. వాళ్ళమ్మ "రాత్రంతా పిల్లికూతలు" అంటే, వాడు డాక్టరుకు "నెంజుల పూనై కత్తుదు" అని చెప్పాడట. గుండెలో పిల్లి అరుస్తోందని! ఆ డాక్టరు తెలివైనవాడు, పకపకా నవ్వి, స్టెతస్కోపు పెట్టి విని, సరిగ్గానే పట్టుకున్నాడు. అందరూ అలా పట్టుకోరు. పైగా, తల్లిని భయపెట్టకూడదని పిల్లలు డాక్టరు చెప్పినదాంట్లో సగం మింగేస్తారు. ఈ పిల్లవాడు "రోజూ పీల్చాలి" అన్నదాన్ని "ఆయాసం వస్తే పీల్చాలి" అని తల్లికి చెప్పాడు. రోజూ పీల్చేది ఒకటి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది ఒకటి, రెండు వేరని వాడికే తెలియదు. నాలుగు నెలలు అలా గడిచాయి.

ఇన్‌హేలర్ విషయంలో మన ఇళ్ళలో ఉన్న భయం గురించి చెప్పక తప్పదు. 'పంపు అలవాటైతే మానలేం' అంటారు. అది తప్పు. మాత్రగానో సిరప్‌గానో వేసే మందు ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. పీల్చే మందు నేరుగా అక్కడికే పోతుంది, అందుకే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. చిన్నపిల్లలకు స్పేసర్ అనే గొట్టం తగిలించి పీలిస్తే మందు గొంతులో ఆగిపోకుండా లోపలికి పోతుంది. ఏటా మృగశిర కార్తెకు మా ఊళ్ళ నుంచి కూడా హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి చేపమందు కోసం పోయేవాళ్ళున్నారు. నమ్మకం వాళ్ళిష్టం, దాని మీద నేను తగువు పెట్టుకోను. అది ఉబ్బసం తగ్గిస్తుందని రుజువు మాత్రం లేదు. నేను కోరేది ఒకటే: చేపపిల్ల మింగించి వచ్చామని ఇన్‌హేలర్ ఆపకండి. ఆ కార్తె, బడులు తెరవడం, వానలు మొదలవడం, అన్నీ జూన్‌లోనే. అప్పుడే ఆపితే ఆ దెబ్బ బడిలో తగులుతుంది. పంతుళ్ళకూ ఒక మాట. పిల్లవాడి ఇన్‌హేలర్‌ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి. వాడి సంచిలోనే ఉండనివ్వండి. నల్లబల్ల పక్కన బెంచీ నుంచి వాణ్ణి రెండు వరుసలు వెనక్కి జరపండి. సుద్దపొడి తుడిచే పని వాడికి అప్పజెప్పకండి. అది మర్యాదగా భావించి వాడే పరుగెత్తుకొస్తాడు, అయినా సరే.

నా రెండో తప్పు గడ్డిది. ఆగస్టు 15కి ముందు మైదానం శుభ్రం చేయించడం ఏ బడిలోనైనా ఆనవాయితీ. వానలకు మా మైదానమంతా నడుము ఎత్తున పెరిగేది వయ్యారిభామ. పేరెంత ముద్దుగా ఉందో మొక్క అంత దుర్మార్గం. బళ్ళారి వాళ్ళు కాంగ్రెస్ గిడ అంటారు, పుస్తకాల్లో పార్థీనియం. అమెరికా ఖండం మొక్క. 1950ల మధ్యలో పుణె దగ్గర కనిపించింది, ఇప్పుడు లేని చోటు లేదు. దాన్ని తినే పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు కూడా. పురుగు తన పని తాను చేస్తూనే ఉంది, మొక్క తన పని తాను చేస్తూనే ఉంది. మేం ఏడో తరగతి వాళ్ళను వరుసగా నిలబెట్టి వట్టి చేతులతో పీకించేవాళ్ళం. ఒకడికి మర్నాడేమీ కాలేదు. ఆ మరునాడు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రగా పొంగి, రసి కారింది. ఆలస్యంగా పొంగడం ఆ మొక్క తాకిడి లక్షణమని చర్మం డాక్టరు చెప్పాకే తెలిసింది. అప్పటిదాకా వాళ్ళవ్వ 'అమ్మవారు పోసింది' అని వేపాకు మీద పడుకోబెట్టింది. ఆ మొక్క ఆకు తగిలితే చర్మానికి, పుప్పొడి పీలిస్తే తుమ్ములకు, కొందరికి ఆయాసానికి దారి తీస్తుంది. మేమిప్పుడు పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, పెద్దవాళ్ళం చేతి తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకుతున్నాం. శ్రమదానం మంచిదే, ఆ గడ్డి దగ్గర మాత్రం పిల్లలతో వద్దు. మా వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ళు ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు గూళ్ళ కాలంలో తుమ్ముతూ, కళ్ళు నులుముకుంటూ వస్తే జలుబని కొట్టిపారెయ్యకండి. పట్టుచిలకల రెక్కల పొడి కూడా కొందరికి పడదు. చూశారా, మళ్ళీ అదే మాట వాడాను. ఊపిరి బిగుస్తుంది అనాలి.

ఇక పొట్లాల సంగతి. 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ తిండి మీద అలర్జీ కలిగించే పదార్థాలు ఉంటే విడిగా చెప్పాలి: గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యలూ పీతలూ, పాలు, గుడ్డు, చేపలు, వేరుశెనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, సల్ఫైట్లు. మంచి నిబంధన. కానీ ఆ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలట. మిగతా భాషలు కంపెనీ ఇష్టం. మా వైపు కూలికి పోయే తల్లి తెలుగు చదవగలదు, తమిళం కూడబలుక్కోగలదు. ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాల్లో 'ఎగ్ సాలిడ్స్' అని ఉంటే ఆమెకు ఏం తెలుస్తుంది? బిస్కెట్టులో గుడ్డు ఉండొచ్చని ఎవరికి తడుతుంది? పాఠ్యపుస్తకాలు ఆలస్యమయ్యాయని, పోస్టులు ఖాళీగా ఉన్నాయని మనం అర్జీలు పెడుతూనే ఉన్నాం. ఆ అర్జీల్లో ఈ వాక్యం కూడా చేరాలి: అలర్జీ హెచ్చరిక ఒక్కటైనా ఆ రాష్ట్రంలోని భాషల్లో, అల్పసంఖ్యాక భాషలు సహా, ముద్రించాలి. పొట్లం మొత్తం అక్కర్లేదు, ఆ ఒక్క వరుస. అది వచ్చేలోగా పై తరగతి పిల్లలకు ఇంగ్లీషు పీరియడ్‌లో ఆ తొమ్మిది మాటలు నేర్పొచ్చు. మా బడిలో ఏడో తరగతి పిల్లలు తెచ్చిన ఖాళీ పొట్లాలతోనే పాఠం చెప్పాను. అంత శ్రద్ధగా వాళ్ళు ఏ ఇంగ్లీషు పాఠమూ వినలేదు.

ఇంత రాశానని ప్రతి ఇంట్లోనూ తిండి మీద నిషేధాలు పెట్టమని కాదు. మనవాళ్ళకు పథ్యం అంటే అసలే ప్రీతి. ఒకసారి దద్దుర్లు వస్తే గుడ్డు, పాలు, చెనిక్కాయలు, వంకాయ, గోంగూర, చేప అన్నీ మాన్పించి పిల్లను పుల్లలా తయారు చేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఈ మధ్య ఇంకో వింత. పట్నంలో రక్తపరీక్ష చేయించి, ఇరవై ముప్పై వస్తువుల పట్టీ పట్టుకొచ్చి "ఇవన్నీ పడవంట టీచర్" అంటారు. వాటిలో సగం ఆ పిల్ల నిన్న కూడా హాయిగా తిన్నవే. రక్తంలో గుర్తు కనిపించినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు, తిన్నప్పుడు ఏమైందన్నదే ముఖ్యమని డాక్టర్లే చెబుతారు. వారానికి ఐదు రోజులూ బడిలో ఇచ్చే గుడ్డు మన పిల్లల్లో చాలామందికి ఆ రోజుకు దొరికే మంచి మాంసకృత్తు. దాన్ని అనుమానంతో తీసెయ్యడం కూడా నష్టమే. అనుమానముంటే డాక్టరును అడగాలి, పక్కింటి వాళ్ళను కాదు. తీసేసినదానికి బదులు ఏం పెట్టాలో కూడా ఆయన్నే అడగాలి.

చివరగా ఆ సూది మాట. ఆ రోజు డాక్టరమ్మ తొడ బయటి వైపు కండలో వేసింది అడ్రినలిన్. అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు అదే. సెట్రిజిన్ దురద తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు. నేను దాని కోసం కాసుకుని కూర్చున్న సమయం దండగ. పిల్లను నడిపించడం ఇంకా తప్పు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచాలి, ఆయాసంగా ఉంటే ఆనుకుని కూర్చోనివ్వాలి, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు కనుక ఆసుపత్రిలో ఉంచుతారు. ఆ రోజు సాయంత్రం వాళ్ళ నాన్న "బాగైంది కదా, ఇంటికి పోతాం" అంటే డాక్టరమ్మ ససేమిరా అంది.

విదేశాల్లో బడుల్లో ఉంచే, బట్టల మీద నుంచే పొడిచే అడ్రినలిన్ పెన్నులు మన మందుల షాపుల్లో సులువుగా దొరకవు. కానీ చిన్న గాజు గొట్టంలో వచ్చే మామూలు అడ్రినలిన్ ఖరీదైనది కాదు. అది మనకు తెలియని వస్తువూ కాదు. పదేళ్ళకు, పదహారేళ్ళకు టీడీ టీకా వెయ్యడానికి బడికి వచ్చే నర్సు దగ్గర, టీకా వికటిస్తే వెయ్యడానికని ఒక కిట్టు ఉంటుంది. దాంట్లో ఉండేది ఇదే. అంటే ప్రభుత్వానికి ఈ ప్రమాదం తెలుసు, మందూ తెలుసు, వేసే చేతులూ ఉన్నాయి. టీకా రోజున ఉన్న ఆ జాగ్రత్త గుడ్డు పెట్టే రోజున ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. 2013 నుంచి నడుస్తున్న బాలల ఆరోగ్య పరీక్షల పథకంలో ఆయాసం ఉంది, తామర ఉంది. ఆహార అలర్జీకి మాత్రం చోటు లేదు. చేర్చమని అడగడానికి మనకు మైనారిటీ హోదా కూడా అక్కర్లేదు. అది అన్ని బడుల సమస్య. అయితే మన బడుల్లో దానికి భాష కూడా తోడవుతుంది కనుక ముందు మనమే అడగాలి. మేమైతే జూన్ మొదటి వారంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, అలర్జీ ఉన్న పిల్లల పేర్లు ఇచ్చి, సూది మందు ఉందా, ఎన్ని గంటల దాకా మనుషులుంటారు అని అడిగి రాసుకొస్తున్నాం. పోయినేడు ముగ్గురు, ఈ ఏడు ఐదుగురు.

గుడ్డు అలర్జీ చాలామంది పిల్లలకు వయసుతో పాటు తగ్గిపోతుందట. చెనిక్కాయలది అంత సులువుగా పోదు. మా పాపకు కూడా తగ్గిందో లేదో చూడటానికి ఆసుపత్రిలో, డాక్టరు కళ్ళముందు, కొద్దికొద్దిగా తినిపించి చూస్తామన్నారు. ఇంట్లో ప్రయత్నం చెయ్యొద్దని గట్టిగా చెప్పారు. వచ్చే సెలవుల్లో తీసుకుపోతారు.

ఆ పిల్ల ఇప్పుడు ఐదో తరగతి. పోయిన నెల మా వంట అక్క మళ్ళీ రెండు రోజులు సెలవు పెట్టింది. బదులు ఇంకొకరు వచ్చారు. నేను వరండాలో నిలబడి చూస్తున్నాను. పిల్ల కంచం వెనక్కి లాక్కుని, కార్డు తిప్పి చూపించి, గట్టిగా, కాస్త మొరటుగానే అంది: "ముట్టై సాప్పిట్టా మూచ్చు తిణరుం, ఆస్పత్తిరికి పోవణుం." వెనక వరుసలో ఉన్న రెండో తరగతి వాడికి అర్థం కాలేదేమో, వాడి వైపు తిరిగి తెలుగులో చెప్పింది, "తింటే ఊపిరాడదు రా." ఆవిడ గరిటె వెనక్కి తీసుకుని అరటిపండు ఇచ్చింది.